పండినదంతా దాచాలా? బీన్స్ సీసాల గురించి రాసిన చెల్లికి

ఈ వారం వచ్చిన ఉత్తరం, కొంచెం కుదించి:

"అక్కా, ఈ ఏడే మొదటిసారి పెరటి తోట వేశాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరు చిన్నపిల్లలు. వేసవంతా బానే గడిచింది, ఇప్పుడు చలి మొదలయ్యేసరికి అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. టమాటా మొక్కలకి ఇంకా గంపెడు పచ్చికాయలు ఉన్నాయి, బీన్స్ కాపు ఆగట్లేదు, గుమ్మడికాయలు నాలుగు, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ తవ్వి గరాజ్‌లో ఒక మూల పోశాను, తెలిసినవాళ్ళు రెండు సంచుల యాపిల్స్ ఇచ్చారు. వీడియో చూసి బీన్స్‌ని 14 గాజు సీసాల్లో నింపి మరిగే నీళ్ళలో గంటసేపు ఉంచి మూతలు బిగించా. తర్వాత ఎక్కడో చదివితే అలా చేయకూడదని ఉంది. మా ఆయన ఒకటి తెరిచి వాసన చూసి బానే ఉంది కదా తిందాం అంటున్నారు, నేనే ఆపాను, ఇంకా ఎవరం తినలేదు. రోజూ రాత్రి పదకొండు దాకా వంటింట్లోనే ఉంటున్నా. పారేయడానికి ప్రాణం ఒప్పట్లేదు. ఏది ముందు చేయాలి, ఏది వదిలేయాలి?"

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. మిగతావి రేపైనా మాట్లాడుకోవచ్చు గానీ ఆ సీసాల పని మాత్రం ఇవాళే అయిపోవాలి. పద్నాలుగూ పారేయి. రుచి చూడొద్దు, వేలితో కూడా. మరిదిగారికి చెప్పు, వాసన చూసి తేల్చుకునే విషయం కాదు ఇది.

ఎందుకో చెప్తా, ఎందుకంటే కారణం తెలియకుండా 14 సీసాలు పారేయమంటే నాకైనా చేతులు రావు. మట్టిలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా ఉంటుంది, అంటే మట్టిలో పెరిగిన ప్రతి కాయ మీదా అది ఉండే అవకాశం ఉంది. మామూలుగా మనల్ని ఏమీ చేయదు. కానీ చలికీ వేడికీ తట్టుకోవడానికి అది గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా పడుకుంటుంది, స్పోర్ అంటారు దాన్ని, నీళ్ళు మరిగే 100 డిగ్రీల దగ్గర గంట ఉంచినా ఆ స్పోర్ చావదు. మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చచ్చి ఇలాంటివే మిగులుతాయి. పైగా మూత బిగించాక లోపల గాలి ఉండదు, గాలి లేని చోటే దానికి కావాలి. బీన్స్‌లో పులుపు లేదు, అదీ దానికి కావాలి. అల్మరాలో గది వేడి సరిపోతుంది. అంటే మనం తెలియకుండా దానికి ఒక ఇల్లు కట్టి ఇచ్చినట్టు అయింది. అది పెరిగేటప్పుడు వదిలే విషం నరాల మీద పనిచేస్తుంది, రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. ఎప్పుడైనా ఎవరిలోనైనా ఇలా కనిపిస్తే రేపటి దాకా ఆగకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాలి. ఒక్కోసారి మూత ఉబ్బుతుంది, వాసన వస్తుంది. ఒక్కోసారి ఏమీ తెలియదు. అందుకే ముక్కుని నమ్మకూడదు.

ఈ బాక్టీరియా సంగతి తెలిసిందే ఒక భోజనం వల్ల. 1895లో బెల్జియంలో ఎల్లెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియలకి వాయించడానికి వచ్చినవాళ్ళు ఉప్పులో నిలవ పెట్టిన పందిమాంసం తిన్నారు, చాలామంది పడిపోయారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ప్రొఫెసర్ ఆ మాంసంలోంచే దీన్ని వేరుచేసి చూపించాడు. వడ్డించినవాళ్ళూ తిన్నవాళ్ళూ మనలాంటివాళ్ళే కదా, ఎవరూ పాడైన తిండి అనుకుని తినలేదు.

పారేసే పద్ధతి కూడా చెప్తా. మూత తీయని సీసాల్ని అలాగే, తీయకుండా, రెండు గట్టి కవర్లలో పెట్టి ముడేసి బయట చెత్తలో వేసేయి, పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ అందకుండా. కంపోస్ట్‌లో పోయొద్దు, సింక్‌లో ఒంపొద్దు, సీసా బావుంది కదా కడిగి వాడుకుందాం అని అస్సలు అనుకోవద్దు. తెరిచిన ఆ ఒక్కటి మాత్రం చేతులకి గ్లోవ్స్ వేసుకుని మూత పెట్టేసి అలాగే కవర్లలో కట్టు. ఎక్కడైనా ఒలికి ఉంటే బ్లీచ్ ఒక పాలు, నీళ్ళు ఎనిమిది పాళ్ళు కలిపి ఆ చోట పోసి పావుగంట ఉంచి తుడువు, తుడిచిన గుడ్డ కూడా పారేయి. తర్వాత చేతులు సబ్బుతో బాగా కడుక్కో.

నువ్వు ఆపావు చూడు, అది మామూలు విషయం కాదు. ఇంట్లో అందరూ ఏం కాదులే అంటున్నప్పుడు ఒక్కదానివే ఆగు అనడానికి ధైర్యం కావాలి.

ఇప్పుడు ఒక్క అంకె గుర్తుపెట్టుకో, 4.6. పులుపుని కొలిచే పీహెచ్ ఇంతకంటే తక్కువగా ఉంటే, అంటే పులుపు ఎక్కువగా ఉంటే, ఆ బాక్టీరియా పెరగదు. యాపిల్స్, బెర్రీలు, చాలా పండ్లు, వెనిగర్ సరిపడా పోసిన కూరగాయలు ఇవన్నీ ఈ వైపు, వీటిని మరిగే నీళ్ళలో సీసాల్లో పెట్టుకోవచ్చు. బీన్స్, క్యారెట్, బీట్‌రూట్, మొక్కజొన్న, పుట్టగొడుగులు, మాంసం అవతలి వైపు. వీటికి 116 డిగ్రీలు దాటిన వేడి కావాలి, అంత వేడి ఆవిరి ఒత్తిడిలోనే వస్తుంది, దానికి ప్రెషర్ క్యానర్ అని వేరే గిన్నె ఉంటుంది. ఇంట్లో వండుకునే కుక్కర్ ఉంది కదా అంటావేమో, అది సరిపోదు. అది తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, పరీక్షించి చెప్పిన టైములన్నీ పెద్ద క్యానర్ లెక్కన ఉన్నవే. టమాటా సరిగ్గా గీత మీద నిలబడుతుంది, కొన్ని రకాలు ఇటు, కొన్ని అటు, అందుకే సీసాల్లో పెట్టేటప్పుడు అర లీటరుకి ఒక టేబుల్ స్పూన్, లీటరుకి రెండు చొప్పున నిమ్మరసం వేయాలి, అదీ సీసాలో అమ్మే రసం, ఎందుకంటే కాయ పిండితే ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది. టైము కూడా ముక్కలకి ఒకటి, రసానికి ఒకటి, ఎత్తైన ఊళ్ళో అయితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఇంకా ఎక్కువసేపు. పరీక్షించిన కొలతలు దొరికితేనే చేయి, వీడియోలో ఎవరో నవ్వుతూ చేశారని చేయకు. నూనెలో వెల్లుల్లి వేసి కిటికీలో పెట్టడం కూడా ఇదే ప్రమాదం, చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయాలి.

మరి కాస్తున్న బీన్స్? ఫ్రీజర్. పులుపూ ఒత్తిడీ ఏ లెక్కా లేదు. తొడిమలు తుంచి ముక్కలు చేసి మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు, వెంటనే ఐసు నీళ్ళలో ఇంకో మూడు నిమిషాలు. ఈ మరిగించడం మానేస్తే కాయలోని ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా పనిచేస్తూనే ఉండి రెండు నెలలకి గడ్డి రుచి వస్తుంది. తర్వాత గుడ్డ మీద ఆరబెట్టు, ఇది తొందరపడి వదిలేయొద్దు, తడి ఉంటే అంతా ఒక రాయిలా గడ్డకడుతుంది. ప్లేటు మీద పలచగా పరిచి గడ్డకట్టాక సంచుల్లోకి ఎత్తి, గాలి నొక్కేసి, తేదీ రాసి పెట్టు. మైనస్ 18 దగ్గర ఎనిమిది నెలలు పైగా బావుంటాయి. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి ఉప్పు వేసి మరిగించి బీన్స్ మీద పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో, నెలలోపు తినేయొచ్చు. వెనిగర్ 5 శాతం ఉన్నదే తీసుకో, పులుపు ఎక్కువైంది అని తగ్గించకు.

ఇక నీ అసలు ప్రశ్న, ఏది ముందు ఏది తర్వాత. నువ్వు రాసింది చదివితే నాకు అనిపించింది ఏంటంటే నీకు పని ఎక్కువై కాదు, అన్నిటికీ ఇవాళే గడువు అనుకోవడం వల్ల నిద్ర కరువవుతోంది. బీన్స్ కాకుండా నిజంగా గడువు ఉన్నవి రెండే, టమాటాలు, దెబ్బతిన్న యాపిల్స్. గుమ్మడికాయలు నెలలు ఆగుతాయి. ఉల్లి ఆగుతుంది. బంగాళాదుంప ఆగుతుంది. క్యారెట్లు నేలలో ఉంటే అసలు తొందరే లేదు, కాస్త చలి తగిలితే ఇంకా తీపెక్కుతాయి.

టమాటాలకి మాత్రం రోజూ సాయంత్రం ఆకాశం వైపు చూడు. మబ్బు లేకుండా తేటగా ఉండి గాలి కదలని రాత్రులే మంచు పడేవి, నేలలో ఉన్న వేడంతా పైకి పోతుంది ఆపేది లేక. అలాంటి రాత్రి ఉంటుందంటే పొద్దు కూకక ముందే పాత దుప్పటి నేలని తాకేలా కప్పి పొద్దున్నే తీసెయ్, ఒకటి రెండు రాత్రులు గడుస్తాయి. ఆ తర్వాత కోసేయడమే. ఒక పచ్చికాయ అడ్డంగా కోసి చూడు, గింజల చుట్టూ జెల్లీ వచ్చి కత్తికి గింజ తెగకుండా జారిపోతే ఆ సైజు కాయలు ఇంట్లో పండుతాయి, గింజ తెగిందంటే అది పండదు, పచ్చిగానే వండుకో. పండేవి కడగకుండా, మచ్చ ఉన్నవి తీసేసి, అట్టపెట్టెలో ఒకే వరుసలో పరిచి 18, 20 డిగ్రీలు ఉండే గదిలో పెట్టు. ఎండ అక్కర్లేదు. ఫ్రిజ్ వద్దు, 13 డిగ్రీల కంటే చల్లబడితే పండటం ఆగిపోయి రుచి చచ్చిపోతుంది. నీ దగ్గర యాపిల్స్ ఉన్నాయిగా, పండిన యాపిల్ ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది, అది కాయల్ని పండిస్తుంది, కాబట్టి ఒక పెట్టెలో ఒక యాపిల్ పెట్టు, ఇంకో పెట్టెలో పెట్టకు. రెండూ ఒకేసారి పండి మళ్ళీ మీద పడకుండా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. రెండు రోజులకోసారి చూసి కుళ్ళినది తీసేసే పని పిల్లలకి అప్పగించు, ఎర్రబడింది ఏదో వెతకడం వాళ్ళకి ఆటలా ఉంటుంది. ఇప్పటికే పండి ఉన్నవి ఎక్కువైతే తొక్క కూడా తీయకుండా కడిగి తుడిచి ఫ్రీజర్‌లో వేసెయ్, బయటకి తీసి నీళ్ళ కింద పెడితే తొక్క దానంతటదే ఊడొస్తుంది.

గరాజ్‌లో ఆ మూల మాత్రం ఈ వారంలో చూడు. ఉల్లీ బంగాళాదుంపా ఒకే కుప్పగా ఉండకూడదు. ఉల్లికి పొడిగా ఉండాలి, బంగాళాదుంపకి కాస్త చెమ్మ కావాలి, కలిపి ఉంచితే ఒకటి మొలకెత్తుతుంది ఒకటి కుళ్ళుతుంది. ఉల్లిపాయల్ని గాలి ఆడేచోట రెండు మూడు వారాలు మెడ పూర్తిగా ఎండేదాకా పరిచి తర్వాత వల సంచిలో వేలాడదీయి. బంగాళాదుంపకి వెలుతురు తగలకూడదు, తగిలితే పచ్చబడి సొలనిన్ అనే విషం పేరుకుంటుంది, సంచి గుడ్డ కప్పినా చాలు. వాటికి 7 నుంచి 10 డిగ్రీలు బావుంటుంది, ఫ్రిజ్ అంత చల్లగా వద్దు. యాపిల్స్ ఈ రెంటికీ, క్యారెట్లు ఉంటే వాటికీ దూరంగా పెట్టు, ఆ ఎథిలీన్‌కి క్యారెట్ చేదెక్కుతుంది. గుమ్మడికాయల్ని మూడు నాలుగు అంగుళాల తొడిమ ఉంచి కోసి, తొడిమ పట్టుకుని ఎత్తకుండా, పది రోజులు వెచ్చగా పెట్టి తోలు గట్టిపడ్డాక 10, 13 డిగ్రీల పొడి చోట ఒకదానికొకటి తగలకుండా పెట్టు. తొడిమ ఊడిన కాయ ఉంటే అది ముందు తినేయి. గుమ్మడి గుజ్జు సీసాల్లో పెట్టొద్దు, క్యానర్ ఉన్నా సరే, చిక్కగా ఉండి మధ్యదాకా వేడి ఎక్కదు. ఫ్రీజర్‌లో పెట్టుకో.

యాపిల్స్‌కి ఒక్క సాయంత్రం ఇవ్వు, ఒక్కటే. ముందు ఒకటొకటి చేతిలో తిప్పి చూసి దెబ్బలేనివి పక్కన పెట్టు, వాటిని చల్లని చోట పెడితే వారాలు ఆగుతాయి, కడగొద్దు. దెబ్బతిన్నవి కోసి కొంచెం నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి డబ్బాల్లో ఫ్రీజ్ చేయి, లేదా పలచని చక్రాలు కోసి ఒరుగులు పెట్టు, 55, 60 డిగ్రీల దగ్గర ఎండాలి, తోలులా వంగాలి గానీ పిండితే తడి రాకూడదు. ఇక్కడ నేను ఒకసారి పోగొట్టుకున్నా. ఎండగానే వేడి మీదే సీసా నిండా కుక్కి మూత పెట్టా, మూడు వారాలకి తీస్తే మధ్యలో బూజు, రెండు రోజుల పని మొత్తం పోయింది, ఆ రోజు ఏడ్చాను కూడా. అన్ని ముక్కలూ ఒకేలా ఎండవు, అందుకని చల్లారాక సీసాలో మూడొంతుల్లో రెండొంతులే వేసి వారం పది రోజులు రోజూ కుదిపి చూడాలి, లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తే మళ్ళీ ఎండబెట్టాలి. ఆ తర్వాతే నిలవ.

మరిదిగారు ఇంకో మాట అని ఉంటారు, కొనుక్కుంటే పోలా అని. మీ ఇంట్లో ఎవరూ తినని వాటి విషయంలో ఆ మాట నిజమే, నేను ఒప్పుకుంటా. నేను మొదటి ఏడు 22 సీసాల జామ్ పెట్టా. పండ్లు ఉన్నాయి కాబట్టి పెట్టా, అంతే, మా ఇంట్లో జామ్ ఎవరు తింటారు అని ఆలోచించనే లేదు. రెండేళ్ళు అల్మరాలో చూసి చూసి రంగు మారాక పారబోశాను. ఆ పండ్లు ఆ రోజే చుట్టుపక్కల వాళ్ళకి ఇచ్చుంటే తాజాగా తినేవాళ్ళు. అప్పట్నుంచి ఒక కాగితం రాసుకుంటా, పోయిన చలికాలం మేం నిజంగా వారం వారం ఏం తిన్నాం అని. నువ్వు కూడా రాయి, నాలుగైదు కంటే ఎక్కువ రావు, అవే నిలవ పెట్టు. మిగతావి ఇచ్చెయ్, ఇవ్వడం పారేయడం కాదు. ఎవరికీ వద్దంటే కంపోస్ట్‌లో వేయి, వచ్చే ఏడు మట్టిగా తిరిగొస్తుంది.

తోటలో ఇప్పుడు చేయాల్సింది తక్కువే. బీన్స్ తీగ అయిపోయాక పీకకు, నేల దగ్గర కోసి వేర్లు లోపలే వదిలేయి, వేర్లకి ఉండే బుడిపెల్లో నత్రజని ఉంటుంది, మట్టికే పోతుంది. టమాటా ఆకులకి నల్లమచ్చలు వచ్చి ఉంటే ఆ మొక్కల్ని కంపోస్ట్‌లో కలపొద్దు, చెత్తలోకి. రాలిన ఆకులు ఎత్తి పారేయకు, ఖాళీ మళ్ళ మీద జానెడు మందం పరిస్తే నేల కొట్టుకుపోదు, వానపాములు మిగతా పని చూసుకుంటాయి.

ఒక్క నాటే పని మాత్రం ఉంది, అది పిల్లలతో చేయి. నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెల్లుల్లి పెట్టాలి. పెద్ద రెబ్బలు ఏరి, తొక్క తీయకుండా, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతులో, ఆరంగుళాలకి ఒకటి. చలికాలం అంతా నేలలో ఉండాలి, ఆ చలి తగలకపోతే పాయ రెబ్బలుగా విడదు, ఒంటి పాయగానే ఉండిపోతుంది. పైన ఆకులు కప్పేస్తే ఇక వసంతం దాకా దాన్ని చూడక్కర్లేదు. అరగంట పని. చిన్నది గుంట తీస్తుంది, పెద్దది రెబ్బ పెడుతుంది, నువ్వు పక్కన కూర్చుని వాళ్ళ కబుర్లు విను, రాత్రి పదకొండు దాకా వంటింట్లో ఉండి పోగొట్టుకుంటున్నది అదే కదా.

వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే ఈ పనికి పెట్టుకో, తొమ్మిదింటికి స్టవ్ ఆపెయ్, మిగిలింది మిగలనీ. అలసిపోయి ఉన్నప్పుడే మూత సరిగ్గా పడదు, టైము తప్పుతుంది, వేడి సీసా చేతిలో పగులుతుంది. మరిదిగారికి గరాజ్ మూల అప్పగించు, ఉల్లీ బంగాళాదుంపా వేరుచేయడం ఒక ఆదివారం పొద్దున పని.

తెరిచిన ఆ సీసా ఇంకా ఇంట్లోనే ఉందా? ఫోన్ పక్కన పెట్టేసి, ముందు వెళ్ళి దాన్ని కట్టి బయట పెట్టి రా.